చెరువుకీ అంచు ఉండాలి

(సమాఖ్య వార్షికోత్సవ సభలో, ఒడిశా గంజాం జిల్లాలోని ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం)



మేము చదువుకున్నది ఎనిమిదో తరగతి. అదీ ఒరియా బడిలో. తెలుగు మా నాన్నగారి దగ్గర, సంఘం లెక్కల పుస్తకాల దగ్గర నేర్చుకున్నాం. మాటల్లో తప్పులుంటే మన్నించాలి.

నూలు ధర గురించి, రిబేటు గురించి, పవర్‌లూమ్ పోటీ గురించి మాకంటే బాగా చెప్పేవాళ్ళు పొద్దుటి నుంచీ చెప్పారు. సభ పెట్టిన పెద్దలు "మీ ఊళ్ళో మీరు చేసిన పని ఏదైనా ఒకటి చెప్పండి" అన్నారు. మేము చేసిన పని చెప్పాలంటే ముందు మేము చేసిన తప్పు చెప్పాలి. అది మా ఊరి చెరువు విషయం. చెరువుకీ మగ్గానికీ సంబంధం ఏటి అని కొందరు అనుకోవచ్చు. చాలా ఉంది. అందుకే లేచి నిలబడ్డాం.

నీళ్ళు లేనిదే నేత లేదు

మన పెద్దలు ఎక్కడికి వలస వెళ్ళినా ముందు ఏం చూశారు? నీళ్ళు చూశారు. ఉప్పు నీళ్ళా, చప్పటి నీళ్ళా అని నోట్లో పోసుకుని చూసి అప్పుడు గుంట తవ్వి మగ్గం దించారు. ఉప్పు నీళ్ళకి సబ్బు నురగ రాదు. రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. పట్టు నేసేవాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. ముడి పట్టు మీద బంక ఉంటుంది. బరువులో దాదాపు పావు వంతు ఆ బంకే. సబ్బు, సోడా వేసి ఉడకబెడితేనే అది వదులుతుంది, అప్పుడే పట్టుకి మెరుపు వస్తుంది. ఆ తర్వాత రంగు. రంగు తర్వాత మళ్ళీ మళ్ళీ జాడింపు. చీర కట్టుకున్న ఆవిడకి కనపడేది రంగే. దాని వెనక ఎన్ని బిందెల నీళ్ళున్నాయో నేసినవాడికే తెలుసు.

ఇంకో మాట. చెరువు దగ్గరున్న వీధిలో గాలి తడిగా ఉంటుంది. తడి గాలిలో పోగు తెగదు. వేసవిలో చెరువు ఎండిన ఏడు మగ్గం మీద పోగులు ఎన్ని అతుక్కోవాలో మన ఆడవాళ్ళని అడగండి.

మా ఊరి చెరువు పెద్దదేమీ కాదు. ఇరవై ఎకరాల పైచిలుకు. కొండల మీద నుంచి ఒక చిన్న గెడ్డ వచ్చి పడుతుంది. తూర్పు గట్టున మన నేత వీధులు. ఉత్తరాన జాలరి వీధి. పడమట పొలాలు. దక్షిణాన అలుగు. చిన్నప్పుడు మేము చూసిన చెరువుకి చుట్టూ మొగలి పొదలు. గంజాం మొగలి దేశమంతా పేరున్నది, మన బరంపురం పట్టులాగే దానికీ జి.ఐ. గుర్తింపు ఉంది. మొగలి వెనక తాటిచెట్లు, కానుగలు, నేరేళ్ళు. మొగలి ముందు నీళ్ళల్లో తుంగ, జమ్ము, ఆ తర్వాత కలువలు. తాగునీటి రేవు వేరు, పశువుల రేవు వేరు, బట్టల రేవు అలుగు దగ్గర వేరు. ఎవరూ బోర్డు పెట్టలేదు. మా అమ్మమ్మ తాగునీటి రేవులో కాలు కూడా పెట్టనిచ్చేది కాదు. చెంబుతో ముంచి పక్కకి వచ్చి కడుక్కోమనేది.

మేము చేసిన మొదటి తప్పు

1987లో మా సంఘానికి డైహౌస్ వచ్చింది. అప్పుడు మేము గుమాస్తాగా ఉన్నాం. అంతకుముందు ఎవరింట్లో వాళ్ళు కుండల్లో అద్దుకునేవారు. డైహౌస్ వస్తే అందరికీ ఒకే మేలు రంగు, పెద్ద రాగి డేగిశాలు, పొయ్యిలు. ఊరంతా కొబ్బరికాయలు కొట్టాం. నీళ్ళు దగ్గరని చెరువు గట్టునే కట్టాం. వాడిన నీళ్ళు పోవడానికి ఒక కాలువ తీసి చెరువులోకే వదిలాం. ఒక్కడంటే ఒక్కడు "ఇది ఎక్కడికి పోతోంది" అని అడగలేదు. మేమూ అడగలేదు.

పిల్లలకి అదొక ఆట. గట్టు మీద నిలబడి "ఈ రోజు ఎరుపు, ఈ రోజు నీలం" అని పందెం వేసుకునేవారు. మేమూ నవ్వుకునేవాళ్ళం.

పదేళ్ళ లోపు ఒక్కొక్కటిగా వచ్చాయి. ముందు కాలువ మూల నురగ. తర్వాత వాసన. తర్వాత గుర్రపుడెక్క. ఒక ఏడు ఆ మూల చాప పరిచినంత ఉంది, మరుసటి ఏడు నీళ్ళే కనపడలేదు. అందరం గుర్రపుడెక్కని తిట్టాం. దాన్ని మేపుతున్నది మేమేనని తెలియలేదు.

ఒక రోజు పొద్దున్న జాలరి వీధి పెద్దాయన ఒక తట్ట నెత్తిన పెట్టుకొచ్చి సంఘం ఆఫీసు అరుగు మీద కుమ్మరించాడు. చచ్చిన చేపలు. అప్పటికి మేము సెక్రటరీ అయ్యాం.

"సెక్రటరీ బాబూ, ఇవి మీ చేపలే. తీసుకోండి" అన్నాడు.

"మావి ఎలా అయ్యాయి మావా?" అన్నాం.

"మీ నీళ్ళు తాగి చచ్చాయి. మీవి కాక ఎవరివి?"

మేము ఊరుకున్నామా? లేదు. వాదించాం. ఎండలు మండుతున్నాయి, ఎండకి చచ్చాయి అన్నాం. ఆయన ఒక్క మాట అన్నాడు. "ఎండకి చస్తే మిట్టమధ్యాహ్నం చావాలి బాబూ. ఇవి తెల్లారగట్ల చచ్చాయి."

దానికి మా దగ్గర జవాబు లేదు. తర్వాత మత్స్యశాఖ ఆఫీసరు ఒకరు వచ్చి మాకు అర్థమయ్యేట్టు చెప్పారు. పట్టు బంక, సబ్బు, గంజి నీళ్ళల్లో పడితే కుళ్ళుతాయి. కుళ్ళడానికి గాలి కావాలి, ఆ గాలిని నీళ్ళల్లోంచే తీసుకుంటాయి. సబ్బు పొడి నాచుకీ గుర్రపుడెక్కకీ ఎరువులాగ పనిచేస్తుంది. నాచు పగలు ఎండలో గాలి వదులుతుంది, రాత్రి అదే గాలి పీలుస్తుంది. అందుకని తెల్లవారేసరికి నీళ్ళల్లో గాలి అడుగంటుతుంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని చస్తాయి. బడికి పోని జాలరి పెద్దాయనకి తెలిసిన సంగతి ఎనిమిదో తరగతి చదివిన మాకు తెలియలేదు.

నిజం చెప్పాలంటే చేపల కోసం మేము మారలేదు. ఒక పట్టు చీరల మూట బరంపురం షావుకారు వెనక్కి పంపాడు. మీగడ రంగు చీరలన్నీ మచ్చలు. మేలు నూలే, మంచి రంగే, ఎప్పటి చేతులే. జాడించిన నీళ్ళు చెరువువి. మేము వదిలిన మురుగు తిరిగి మా చీరల మీదకే వచ్చింది. అప్పుడు కదిలాం. ఇది గొప్పగా చెప్పడం లేదు.

దిద్దుకున్నది కొంత

చేసినవి వరసగా చెప్తాం, మీలో డైహౌస్ ఉన్న సంఘాలకి పనికొస్తాయి.

ఒకటి, తక్కెడ. మా రంగు పెద్దాయన పిడికిలి లెక్కన రంగు వేసేవాడు. ఎక్కువ వేసిన రంగు నూలుకి పట్టదు, నీళ్ళల్లోకే పోతుంది. గ్రాముల తక్కెడ కొన్నాం. ఆయన ముందు అలిగాడు. రెండు నెలల్లో రంగు ఖర్చు తగ్గింది చూసి ఆయనే దానికి గుడ్డ కప్పి దాచుకునేవాడు.

రెండు, వరస. ముందు లేత రంగు, తర్వాత అదే డేగిశాలో ముదురు రంగు. ఆఖరి జాడింపు నీళ్ళు పారబోయకుండా మరుసటి మొదటి జాడింపుకి వాడుకోవడం. నీళ్ళు తక్కువ తోడితే మురుగూ తక్కువే.

మూడు, తొట్లు. వాడిన నీళ్ళని మొదటి తొట్టిలో సున్నం, పటిక వేసి ఒక రోజు తేరనివ్వాలి. రెండో తొట్టిలో గులకరాళ్ళు, ఇసుక, బొగ్గు. ఆ తర్వాత మెట్టతామర, జమ్ము వేసిన మడి. అడుగున తేరిన మడ్డిని పొలంలోనో చెరువులోనో పోస్తే చేసిందంతా వృథా. అది ఎండబెట్టి, వానకి తడవకుండా కప్పి ఉంచి, ప్రభుత్వం చెప్పిన చోటికే పంపాలి.

నాలుగు, కొనే రంగు. కొన్ని ఏజో రంగుల వల్ల క్యాన్సర్ ముప్పు ఉందని కేంద్ర ప్రభుత్వం 1997లోనే నిషేధించింది. అయినా పేరు లేని పొట్లాల్లో చవకగా దొరుకుతుంటాయి. బిల్లు లేని రంగు, కంపెనీ పేరు లేని రంగు కొనకండి. ఆ రంగులో ముందు మునిగేది మన చేతులే.

తొట్లు కడితే అన్నీ పోతాయని మాత్రం చెప్పం. రంగు తగ్గుతుంది, బంక తగ్గుతుంది. ఉప్పు పోదు. అందుకే ఆఖరికి డైహౌస్‌నే గట్టు మీద నుంచి తీసి, ఊరికి అవతల మెరక మీదకి మార్చాం. నీళ్ళు మోసే ఖర్చు పెరిగింది. దాని మీద ఇప్పటికీ మహాసభలో గొడవే.

తిరుప్పూరు సంగతి మీకు తెలిసే ఉంటుంది. నొయ్యల్ నది మీద 1992లో కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్టలో సేద్యానికని నిలిపిన నీళ్ళు అద్దకం మురుగుతో నిండితే, ఆ నీళ్ళు మాకొద్దని రైతులే కోర్టుకెళ్ళారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం కార్ఖానాలన్నీ మూసెయ్యమంది. ఎంతమంది కూలీల పొయ్యి ఆగిందో ఆలోచించండి. చెరువుని పాడుచేసి పని నిలబెట్టుకోవచ్చనుకుంటాం. చివరికి పనే పోతుంది.

రెండో తప్పు ఇంకా పెద్దది

నీళ్ళ సంగతి కొంత దారిలో పడ్డాక మేము గట్టు పాడుచేసుకున్నాం. ఈ మాట ముఖ్యంగా చెప్పాలని వచ్చాం, ఎందుకంటే నీళ్ళలో రంగు పడితే ఎవరైనా తప్పు అంటారు. గట్టుని పాడుచేస్తే అభివృద్ధి అంటారు.

2012లో చెరువు అందంగా చెయ్యడానికి ఒక పథకం వచ్చింది. చుట్టూ పొదలు కొట్టి, గట్టు చెక్కి, రాతి గోడ కట్టి, పైన సిమెంటు బాట, దీపాలు. కుర్రాళ్ళు సంబరపడ్డారు. ఆడవాళ్ళలోనూ కొందరు "మొగలిలో పాములుంటాయి, పోతే పోనీ" అన్నారు. మాకూ నచ్చింది. బరంపురం నుంచి షావుకార్లు వస్తే ఊరు బాగుంటుందనుకున్నాం. సంఘం తరఫున తీర్మానం రాసి పంపాం. కింద సంతకం మాదే.

జాలరి పెద్దాయన మళ్ళీ వచ్చాడు. ముసలివాడైపోయాడు, కర్ర పట్టుకుని వచ్చాడు. "బాబూ, ఆ తుంగలోనే చేప గుడ్డు పెడుతుంది. గోడకి పెడుతుందా?" అన్నాడు. "అంతా కట్టరులే మావా, కొంత వదుల్తారు" అని సర్దిచెప్పాం. డబ్బు చాలక నిజంగానే తూర్పు, ఉత్తర గట్లే కట్టి ఆపేశారు. పడమటి గట్టు మొగలితోనే మిగిలింది. అది మా తెలివి కాదు, మా అదృష్టం.

గోడ కట్టిన ఏడాదిలోనే తేడా కనపడింది. వీధిలో పడిన వాన ఇదివరకు గడ్డిలో, వేళ్ళల్లో ఇంకుతూ మెల్లగా దిగేది. ఇప్పుడు చెత్తతో, పేడతో, సబ్బు నీళ్ళతో సిమెంటు మీంచి జారి సూటిగా చెరువులో పడింది. గోడ పక్కన కప్ప అరుపు లేదు. నీళ్ళలో దిగిన దూడ ఒకటి ఎక్కడానికి వాలు లేక గోడ వెంట ఈదీ ఈదీ చచ్చిపోయింది.

తర్వాత 2013 అక్టోబరు. 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. మా ఇళ్ళ పైకప్పులు ఎగిరిపోయాయి. అది అయ్యాక, వారం పది రోజులకి, మళ్ళీ కుండపోత. గంజాం అంతా మునిగింది. మా చెరువులో నీళ్ళు గోడ అంచుకి వచ్చాయి. ఇటు వీధి నీళ్ళు దిగడానికి దారి లేక గోడ వెనక నిలిచి నెట్టాయి. మూడో రోజు తూర్పు గోడ చెరువులోకి ఒరిగిపోయింది. గోడతో పాటు బాట, బాటతో పాటు గట్టు మట్టి. నీళ్ళు నేత వీధిలోకి వచ్చాయి.

మనవి గుంట మగ్గాలు. నీళ్ళు ముందు ఎక్కడికి పోతాయో మీకు చెప్పాలా? గుంటలన్నీ నిండిపోయాయి. పడుగు మీదున్న పట్టు అంతా బురద. మా వీధిలో భర్త పోయిన ఒకావిడ ఇద్దరు ఆడపిల్లల్ని మగ్గం మీదే పెంచింది. పెళ్ళి చీర ఒకటి మూడొంతులు నేసి ఉంది. నీళ్ళు తీశాక మేము వెళ్ళి చూశాం. ఆవిడ ఏడవలేదు. బురదలోంచి పేక కండెలు ఒక్కొక్కటీ ఏరి కడుగుతోంది. మమ్మల్ని చూసి, "బాబాయ్, గోడ కట్టినప్పుడు మమ్మల్ని ఎవరైనా అడిగారా?" అంది.

అడగలేదు. మహాసభలో పెట్టకుండా, కమిటీలో అయిదుగురం కూర్చుని రాసిన తీర్మానం అది. మూడు దశాబ్దాల పైబడి సంఘం పనిలో ఉన్నాం, ఎన్నో మాటలు పడ్డాం. ఆ మాట మాత్రం ఇప్పటికీ పోలేదు.

నీళ్ళు తగ్గాక అందరం చెరువు చుట్టూ తిరిగి చూశాం. పడమటి గట్టున తాటిచెట్లు కొన్ని పడ్డాయి, మొగలి ఆకులు చిరిగి వేలాడుతున్నాయి. కానీ గట్టు కదల్లేదు. మొగలికి కాండం నుంచి ఊడల్లాంటి వేళ్ళు దిగుతాయి, అవి మట్టిని పట్టుకునే ఉన్నాయి. లక్షలు పోసిన గోడ ఒరిగింది, ఎవరూ పైసా ఖర్చు పెట్టని పొద నిలిచింది.

అప్పుడు మాకు చీర గుర్తొచ్చింది. అంచు దగ్గర పోగులు ఒత్తుగా ఎందుకు పెడతాం? అందానికే కాదు గదా. అంచు గట్టిగా లేకపోతే బట్ట పక్క నుంచి విడిపోతుంది. బరంపురం పట్టుకి ఫొడా కుంభం అంచు ఎంత శ్రద్ధగా నేస్తామో మాకు తెలుసు. చెరువుకి మాత్రం అంచు కోసి పారేశాం.

మళ్ళీ వేసుకున్న అంచు

ఈసారి మహాసభ పెట్టాం. నేత వీధి, జాలరి వీధి, పొలాల వాళ్ళు, ఆడవాళ్ళు అందరూ. రెండు రోజులు తిట్టుకున్నాం. కుర్రాళ్ళు "మళ్ళీ అడవి పెంచుతారా" అన్నారు. తల్లులు పాముల మాట ఎత్తారు. చివరికి కుదిరింది ఇది.

రేవులు రేవుల్లాగే, మెట్లతో, శుభ్రంగా తెరిచి ఉంచాలి. అక్కడ పొద ఉండకూడదు. మిగతా గట్టంతా వాలుగా మట్టితో కట్టాలి. నీళ్ళ దగ్గర తుంగ, జమ్ము. దానిపైన మొగలి, వట్టివేరు. ఆపైన కానుగ, నేరేడు, తాటి. నడిచే బాట కావాలంటే ముప్పై అడుగులు వెనక్కి, మట్టి బాట. వీధి కాలువ చెరువులో కలిసే ముందు ఒక గుంట తవ్వి, గడ్డి పెంచి, అందులో ఆగి దిగాలి. మరుగుదొడ్డి గుంట గట్టుకి దగ్గరగా ఎవరూ తవ్వకూడదు. దసరాకి, వినాయక చవితికి రంగులేసిన ప్లాస్టరు బొమ్మలు చెరువులో కలపకూడదు, మట్టి బొమ్మలయితే ఒక మూల తవ్విన గుంటలో కలపాలి.

మొగలి పిలకలు జాలరి వీధి వాళ్ళే తెచ్చి నాటారు. పాతాలంటే ఆడా మగా అందరం మోకాలి లోతు బురదలో దిగాం. మా చేతులు మగ్గానికి అలవాటు గానీ పారకి కాదు, వారం రోజులు బొబ్బలు. మూడు నాలుగేళ్ళకి పొద నిలిచింది. మగ చెట్టు పువ్వే వాసన, దాన్నే అత్తరు బట్టీల వాళ్ళు కొంటారు. వానాకాలంలో మగ్గం పని మందంగా ఉన్నప్పుడు తెల్లారగట్ల పువ్వు కోసి, పువ్వు లెక్కన అమ్ముకుని మా ఆడవాళ్ళు ఉప్పూ పప్పూ తెచ్చుకుంటున్నారు. పాముల మాట ఇప్పుడు తగ్గింది. పాములు తగ్గలేదు, చేతిలో కర్ర, కాళ్ళకి బూట్లు వచ్చాయి.

కొర్రమీను తుంగ మధ్యే గూడు పెడుతుంది. దాని పిల్లలు ఎర్రగా గుంపుగా నీళ్ళ పైన తిరుగుతాయి, కింద తల్లీ తండ్రీ కాపలా కాస్తాయి. ఆ ఎర్ర గుంపు మళ్ళీ కనపడిన రోజు జాలరి పెద్దాయన మనవడు సంఘం ఆఫీసుకి పరిగెత్తుకొచ్చి చెప్పాడు. పెద్దాయన అప్పటికి లేడు. తట్ట కుమ్మరించిన అరుగు మీదే కూర్చుని ఆ మాట విన్నాం.

అన్నీ బాగైపోయాయని మేము చెప్పం. మా చెరువు నీళ్ళు ఇప్పటికీ తాగడానికి పనికిరావు. గుర్రపుడెక్క పోలేదు, ఏటా వానలకి ముందు అందరం దిగి చేతులతో లాగుతున్నాం. ఒక్క ఏడు బద్ధకించినా మళ్ళీ కమ్ముతుంది. మా అమ్మమ్మ చెంబుతో ముంచిన నీళ్ళు మా మనవలకి మేము ఇవ్వలేకపోయాం. పాడుచెయ్యడానికి పదేళ్ళు చాలింది. బాగుచెయ్యడానికి మా వయసు చాలేట్టు లేదు.

కానీ చెరువు తిరిగి లేస్తుందనడానికి మాకు దగ్గర్లోనే సాక్ష్యం ఉంది. మా చిల్కా సరస్సు. మట్టి పూడి సముద్రపు నీరు లోపలికి రాక, ఉప్పదనం తగ్గి, కలుపు కమ్మి, చేపలు తగ్గిపోతే, 1993లో ప్రపంచంలో చెడిపోతున్న చిత్తడి నేలల జాబితాలో దాన్ని చేర్చారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖం తెరిచారు. కలుపు తగ్గింది, చేప పెరిగింది. 2002లో ఆ జాబితా నుంచి తీసేశారు. మా ఛత్రపురం దగ్గర తంపరా సరస్సు ఉంది, మంచినీళ్ళది, సుమారు 300 హెక్టార్లు. దానికి 2021లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. బెంగుళూరు వాళ్ళకి బెళ్ళందూరు చెరువు తెలుసు. నురగ రోడ్డు మీదకి వచ్చింది, చెరువు మీద మంటలే లేచాయి. నీళ్ళు అంటుకున్నాయంటే మన తాతలు నమ్ముతారా?

అడగవలసినవి

చిల్కాకి, తంపరాకి చూసేవాళ్ళున్నారు. మన ఊరి చెరువుకి మనమే. 2017లో కేంద్రం చేసిన చిత్తడి నేలల నియమాల్లో తాగునీటికి, సేద్యానికి మనుషులు తవ్వుకున్న చెరువులు రావు. అయినా చేతిలో ఏమీ లేదనుకోకండి. చెరువు ఊరందరి ఆస్తి, ఇళ్ళ స్థలాలకి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో చెప్పింది. ఊరి చెరువుల ఆక్రమణలు తీసెయ్యమని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. ఈ రెండు పేర్లు రాసుకోండి. ఆఫీసుకి వెళ్ళినప్పుడు అర్జీలో రాస్తే కుర్చీ చూపిస్తారు. ఇది అనుభవం మీద చెప్తున్నాం.

ఇక సమాఖ్యకి మా విన్నపాలు నాలుగు.

ప్రతి సంఘం తన డైహౌస్ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో ఒకసారి కాలువ వెంట నడిచి చూసి, మహాసభలో చెప్పాలి. కాగితం మీద కాదు, నడిచి.

చెరువు దగ్గర ఏ పథకం వచ్చినా, ఎంత మంచిదైనా, కమిటీ సంతకంతో సరిపెట్టకూడదు. నీళ్ళు వస్తే ఎవరి గుంట నిండుతుందో వాళ్ళని ముందు అడగాలి.

గోడ కడతామంటే "ఎక్కడ అవసరం?" అని అడగండి. రేవు దగ్గర, తూము దగ్గర రాయి కావాలి. మిగతా చోట వాలు, వేరు చాలు. పూడిక తీయడానికి, గట్టు వేయడానికి ఉపాధి పథకం కింద పని అడగొచ్చు, అమృత్ సరోవర్ కింద అడగొచ్చు. అడిగేటప్పుడే "మొక్కలు కొట్టొద్దు" అని రాయించండి.

నాలుగోది, పిల్లల్ని చెరువు దగ్గరకి తీసుకెళ్ళండి. మన పిల్లలు మగ్గం ఎక్కకపోవచ్చు, సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళొచ్చు, సంతోషమే. కానీ ఊరి నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతాయో తెలియకుండా పోకూడదు.

బరంపురంలో బుఢీ ఠాకురాణి జాతర జరిగినప్పుడు అమ్మవారు దేశీ బెహరా ఇంటికి, అంటే మన నేతవాళ్ళ పెద్ద ఇంటికి, పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. ఆడపడుచు వస్తోందంటే ఇల్లు అలుకుతాం, వాకిలి ఊడుస్తాం. చెరువు కూడా మన ఇంటి ఆడపడుచే అని మేము అనుకుంటాం. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ చాకిరీ చేయించుకుని, పండక్కి ఒక దీపం పెడితే సరిపోదు.

దేవాంగుల కథలో దేవల మహర్షి విష్ణుమూర్తి నాభి తామర నుంచి దారం తెచ్చాడంటారు. పద్మశాలీల కథలో భావనారుషి తామర తూడు దారంతో బట్ట నేశాడంటారు. కులాలు వేరైనా రెండు కథల్లోనూ తామరే ఉంది. తామర ఉండాలంటే చెరువు ఉండాలి. ఈసారి ఎవరైనా మా జిల్లాకి వస్తే మా ఊరు రండి. గోడ కూలిన చోటు చూపిస్తాం, మొగలి గట్టూ చూపిస్తాం. భోజనం మా ఇంట్లో.